39 అంకెల సంఖ్య ఒకటి

ఈ క్రింది సంఖ్యను మేమొక సాయంకాల ప్రసంగమున మైకు ముందు చదువవలసి వచ్చినది:

170 141 183 460 469 231 731 687 303 715 884 105 727

మొత్తము 39 అంకెలు; మూడేసి అంకెల జట్లు పదమూడు. సెకనుకు రెండంకెల చొప్పున చదివినచో 20 సెకనులలో ముగియును. ప్రసారమునకు ముందు వ్రాతప్రతిని చదివి చూచుకొనుచు మేమొక ఎనిమిదిని ఏడని పలికితిమి. ప్రక్కనుండి వ్రాతప్రతిని చూచుచుండిన సహోద్యోగి, "ఒక అంకె మారినంత మాత్రమున మునిగినదేమి? వినువారిలో లెక్కపెట్టుకొనువారెవరు?" అని నవ్విరి. మునిగినదేమో చెప్పుటకే ఈ నాలుగు మాటలు.

పై సంఖ్యలోని అంకెలన్నిటిని కూడినచో 154 వచ్చును. ఎనిమిది ఏడైనచో మొత్తము 153 అగును. 153 తొమ్మిదిచే నిశ్శేషముగా భాగింపబడును. కనుక, చిన్ననాడు బడిలో నేర్చిన సూత్రము ప్రకారము, తప్పుగా చదివిన ఆ సంఖ్యయంతయు తొమ్మిదిచే భాగింపబడును. సరిగా చదివిన సంఖ్యను మాత్రము 1 కాక, తాను కాక, మఱి ఏ సంఖ్యయు నిశ్శేషముగా భాగింపజాలదు. ఇట్టివానికి ప్రధాన సంఖ్యలని పేరు. 2, 3, 5, 7, 11, 13 మొదలగునవి ఈ జాతివి. 6 వంటివి 2, 3 అను కారణాంకములుగా విడిపోవును గనుక సంయుక్త సంఖ్యలు. ఏ సంఖ్యయైనను ప్రధాన సంఖ్యల గుణకారముచే ఒకే విధముగా ఏర్పడును. ప్రధాన సంఖ్యలకు అంతము లేదని యూక్లిడ్ క్రీస్తునకు పూర్వమే నిరూపించెను. అంతము లేదని తెలియుట వేఱు, ఒక పెద్ద సంఖ్యను చూపి 'ఇది ప్రధాన సంఖ్య' యని ధైర్యముగా చెప్పుట వేఱు. ఈ రెండవ పని యెంత కష్టమో మన 39 అంకెల సంఖ్య కథ చెప్పును.

ఈ సంఖ్య ఎక్కడినుండి పుట్టినది? చదరంగమును కనిపెట్టిన పండితుని కథ మన ఇండ్లలో తెలియనివారుండరు. రాజు వరము కోరుకొమ్మనగా ఆయన మొదటి గడికి ఒక గింజ, రెండవదానికి రెండు, మూడవదానికి నాలుగు, ఇట్లు గడిగడికి రెట్టింపు చేయుచు 64 గడులకును ధాన్యము అడిగెనట. రాజుగారి కొట్లు చాలలేదు. ఆ గింజల మొత్తము 18446744073709551615. చివర 5 ఉన్నది గనుక ఇది ఐదుచే భాగింపబడును; ప్రధాన సంఖ్య కాదు. చదరంగపు బల్లకు 64 గడులకు మారుగా 127 గడులున్నచో గింజల మొత్తమెంత? సరిగా మన 39 అంకెల సంఖ్యయే. అనగా 2ను 127 మార్లు వరుసగా గుణించి అందులోనుండి ఒకటి తీసివేసిన సంఖ్య.

గడుల సంఖ్యకును గింజల మొత్తమునకును ఒక చుట్టరికము కలదు. ఆరు గడులు తీసికొనుడు: 1, 2, 4, 8, 16, 32. మొత్తము 63. మొదటి మూడు గడులలో 7 గింజలు; తరువాతి మూడింటిలో దానికి సరిగా ఎనిమిది రెట్లు. కనుక మొత్తము ఏడు తొమ్ములు. గడులను సమానమైన జట్లుగా విడదీయ వీలున్నప్పుడెల్ల గింజల మొత్తమును గూడ ఇట్లే విడదీయవచ్చును. అందుచేత మొత్తము ప్రధాన సంఖ్య కావలెనన్నచో గడుల సంఖ్య ముందుగా ప్రధాన సంఖ్య అయి తీరవలెను. 2, 3, 5, 7 గడులకు మొత్తములు 3, 7, 31, 127. నాలుగును ప్రధాన సంఖ్యలే. ఇంక నియమము దొరకినదని సంతోషించునంతలో 11 గడులు అడ్డు వచ్చును. వాని మొత్తము 2047. అది 23ను 89చే గుణించినది. గడుల సంఖ్య ప్రధానమైనంత మాత్రమున చాలదన్న మాట.

మఱి ఏ గడులకు చెల్లును, ఏ గడులకు చెల్లదు? 1644వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు సన్న్యాసి మరాన్ మెర్సేన్ తన గ్రంథమొకదానిలో ఒక పట్టిక ప్రకటించెను. 257 వఱకు గల వానిలో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 మాత్రమే చెల్లునని ఆయన మాట. ఈ జాతి సంఖ్యలకు ఆయన పేరే నిలిచి, నేటికిని మెర్సేన్ సంఖ్యలనియే వ్యవహారము. పట్టికలో ఐదు తప్పులున్నవి. 67, 257 ఉండరాదు. 61, 89, 107 ఉండవలెను. ఈ ఐదు తప్పులను ఏరివేయుటకు లోకమునకు మూడు శతాబ్దములకు దగ్గరగా పట్టినది. కాగితము, కలము తప్ప మఱి సాధనము లేని దినములలో ఆయన చెప్పిన 127 నిజమగుట మాకొక వింతగనే తోచును. ఊహించి చెప్పెనో, ఏదేని సూత్రమును తలచి చెప్పెనో గాని, నిరూపణమును మాత్రము వ్రాసి పెట్టలేదు.

1772 నాటికి ఆయిలర్ 31 గడుల సంఖ్యను, అనగా 2147483647ను, ప్రధాన సంఖ్యయని రుజువు చేసెను. అప్పటికి ఆ మహానుభావునకు చూపు దాదాపు పూర్తిగా పోయినది. దాని వర్గమూలము 46 వేల పైచిలుకు. అంతవఱకు గల ప్రధాన సంఖ్యలలో కారణాంకములు కాదగిన కొన్నిటిని మాత్రమే వాడి భాగించి చూచిన చాలును. ఆ తరువాత 1811లో ఇంగ్లండు గణితజ్ఞుడు పీటర్ బార్లో, ఇట్టి సంఖ్యలు వేడుకకే గాని ప్రయోజనమునకు కావు గనుక దీనిని మించినదానికై ఇంక ఎవరును పూనుకొనరని అభిప్రాయపడెను. మనుష్యులు వేడుకకై యెంత శ్రమపడుదురో ఆయన తక్కువగా అంచనా కట్టినాడని చెప్పక తప్పదు.

127 గడుల సంఖ్యను ఆయిలర్ త్రోవలోనే భాగించి చూతమన్నచో ఏమగును? దాని వర్గమూలము సుమారు 1,30,000 కోట్ల కోట్లు. సెకనుకొక భాగహారము చొప్పున అన్నిటిని ప్రయత్నించుటకు 41,000 కోట్ల సంవత్సరములు పట్టును. విశ్వము వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరములని శాస్త్రజ్ఞులందురు. కారణాంకమేదైన ఉన్నచో అది 254 యొక్క గుణిజమునకు ఒకటి కలిపినదై యుండవలెననియు, ఎనిమిదిచే భాగించినప్పుడు శేషము 1గాని 7గాని రావలెననియు తెలియును. ఆ రెండు జల్లెడలు పట్టినను 80 కోట్ల సంవత్సరముల పని మిగులును.

ఆ పనిని 1876లో ఒక్క మనుష్యుడు చేతితో ముగించెను. ఆయన పేరు ఎడ్వార్ లూకా. 1842లో జన్మించిన ఫ్రెంచివాడు. యుద్ధమున ఫిరంగిదళమున పనిచేసి, పిదప ఉన్నత పాఠశాలలలో గణితము బోధించినవాడు. ఆటలన్నను చిక్కు లెక్కలన్నను ఆయనకు ప్రాణము. మూడు కడ్డీలు, చిన్నవి పెద్దవి బిళ్లలు గల 'హనోయి గోపురము' అను ఆట 1883లో ఆయన ప్రచారము చేసినదే. ఆ ఆటతో వ్యాపించిన కథలో మన కాశీ ఆలయము కూడ వచ్చును: అచట 64 బంగారు బిళ్లలను పూజారులు రేయింబవళ్లు కదల్చుచుందురనియు, పని ముగిసిననాడు లోకము ముగియుననియు. ఆ 64 బిళ్లలకు కావలసిన కదలికలెన్నియో లెక్కించినచో చదరంగపు గింజల సంఖ్యయే మరల వచ్చుట చిత్రము.

లూకా చేసిన ఘనకార్యము కారణాంకములను వెదకుట మానివేయుటయే. భాగహారములతో పని లేకుండ, సంఖ్యను ఒక పరీక్షకు నిలువబెట్టి 'అవును, కాదు' అని చెప్పించు ఉపాయమును ఆయన కనుగొనెను. దానిని 1930లో అమెరికా గణితజ్ఞుడు లేమర్ సుబోధము చేసెను. ఆ రూపమును ఇచట చెప్పుదుము. ఇంటిలో బడికి పోవు పిల్లలున్నచో కాగితము, పెన్సిలు ఇచ్చి చేయింపుడు.

నాలుగుతో ప్రారంభింపుడు. దానిని వర్గము చేసి రెండు తీసివేయుడు. వచ్చినదానిని పరీక్షింపవలసిన సంఖ్యచే భాగించి శేషమును మాత్రము ఉంచుకొనుడు. ఆ శేషమును మరల వర్గము చేసి రెండు తీసివేసి, మరల భాగించి, మరల శేషము తీసికొనుడు. గడులెన్నియో అంతకు రెండు తక్కువ మార్లు ఇట్లు చేయవలెను. తుదకు శేషము సున్న యైనచో అది ప్రధాన సంఖ్య, కానిచో కాదు. ఏడు గడుల సంఖ్య 127ను చూడుడు. ఐదు మార్లు చేయవలెను. 4 నుండి 14 వచ్చును. 14 వర్గము 196. రెండు తీసిన 194. 127 పోగా 67. ఇట్లే 67 నుండి 42, 42 నుండి 111 వచ్చును. 111 వర్గము 12321. రెండు తీసివేయగా 12319. ఇది సరిగా 127ను 97చే గుణించినది. శేషము సున్న. 127 ప్రధాన సంఖ్య.

ఇదే పరీక్షకు 11 గడుల 2047ను పెట్టినచో తొమ్మిది మార్లకు 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736 అని శేషములు వచ్చును. తుది శేషము సున్న కాలేదు. కనుక 2047 సంయుక్త సంఖ్య. చిత్రమేమనగా ఈ పరీక్ష 23ను గూర్చిగాని 89ను గూర్చిగాని ఒక్క మాట చెప్పదు. ఇంటిలో దొంగ ఉన్నాడని తెలుపును, పట్టి చూపదు.

127 గడుల సంఖ్యకు ఈ పనిని 125 మార్లు చేయవలెను. ప్రతి మారును 39 అంకెల సంఖ్యను వర్గము చేయవలెను. అయినను భాగహారమున ఒక సౌకర్యము కలదు. 4487ను 99చే భాగింపగా వచ్చు శేషము కావలెనన్నచో భాగహారము అక్కఱలేదు. 44, 87 అని రెండు జట్లుగా విడదీసి కూడినచో 131, మరల 1, 31 కూడినచో 32, అదియే శేషము. 99 వందకు ఒకటి తక్కువ గనుక ఈ సులువు. మెర్సేన్ సంఖ్యలును రెండు యొక్క ఘాతమునకు ఒకటి తక్కువైనవే గనుక, లెక్కను పదులలో గాక రెండ్లలో వ్రాసికొన్నచో, పై భాగమును మడిచి క్రింది భాగముపై కూడుటయే భాగహారము. లూకా 127 గడుల పొడవు, 127 గడుల వెడల్పు గల చదరంగపు బల్ల వంటిదానిపై పావులను పేర్చి కదల్చుచు ఈ లెక్క నడపెనని చెప్పుదురు. ఆయన వాడినది మూడుతో ప్రారంభమగు వరుస. 127 వంటి కొన్ని ఘాతాంకములకు అదియు చెల్లును.

చేతిలెక్క గనుక దానిపై కొందఱికి సంశయము లేకపోలేదు. 125 మెట్లలో ఎచటనో ఒక పావు జరిగినచో తుదిఫలమంతయు తారుమారగును. 1914లో ఫోకెంబెర్గ్ అను ఫ్రెంచివాడు మరల గణించి లూకా మాట సరియని తేల్చెను. అప్పటికి లూకా గతించి ఇరువది సంవత్సరములు దాటినవి. 1891లో ఒక విందునందు పళ్లెము క్రిందపడి పగిలి, దాని ముక్క ఎగిరి ఆయన చెంపకు తగిలెను. ఆ గాయము విషమించి కొలది దినములలో మరణించెను. వయస్సు 49.

అదే 1876లో లూకా మఱొక మాటయు చెప్పెను: మెర్సేన్ పట్టికలోని 67 గడుల సంఖ్య ప్రధానము కాదని. కారణాంకములేవి యని అడిగినవారికి ఆయన యొద్ద సమాధానము లేదు. 1903 అక్టోబరులో న్యూయార్కున జరిగిన అమెరికా గణితజ్ఞుల సభలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ అను ఆచార్యుడు లేచి, నల్లబల్లపై 2ను 67 మార్లు గుణించి ఒకటి తీసివేసి 147573952589676412927 అని వ్రాసెనట. బల్లకు వేఱొక వైపున 193707721ను 761838257287చే గుణించెనట. రెండు ఫలములును ఒక్కటే. ఒక్క మాటయైన పలుకకుండ వెళ్లి కూర్చుండెననియు, సభ కరతాళధ్వనులతో మారుమ్రోగెననియు కథ. ఇందులకు మూడేండ్ల ఆదివారములు పట్టినవని ఆయన పిదప చెప్పెనట. ఒక్క మాటయు లేని ఈ ప్రసంగము మా వృత్తివారికి అసూయ కలిగించును. రేడియోలో ఇట్టిది చెల్లదు గదా!

కోల్ శ్రమను తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. అయినను, కరతాళములు కోల్‌కు దక్కినంతగా లూకాకు దక్కకపోవుట న్యాయమా యని మాకు సందేహము. రెండు సంఖ్యలను చూపి గుణించి చూచుకొమ్మన్నచో ఎవరైనను నమ్ముదురు. చూపుటకేమియు లేకయే, 'ఈ సంఖ్యకు కారణాంకములున్నవి, అవి యేవో నేనెఱుగను, ఉండుట మాత్రము నిశ్చయము' అని 27 సంవత్సరములు ముందుగా చెప్పగలిగినవాడు లూకా. మన 39 అంకెల సంఖ్య విషయమునను అంతే. ప్రధాన సంఖ్యయైనదానికి బల్లపై వ్రాసి చూపదగిన సాక్ష్యము సులభముగా దొరకదు. తర్కముపై విశ్వాసమే ఆధారము. ఆ తర్కము 125 మెట్లకు పిదప సున్నగా నిలిచినది.

లూకా సంఖ్య 75 సంవత్సరములు లోకమున తెలిసిన ప్రధాన సంఖ్యలలో పెద్దదిగా నిలిచినది. 1951లో ఫెరియే చేతి గణకయంత్రముతో 44 అంకెల ప్రధాన సంఖ్యను కనుగొనెను. అదే యేడు కేంబ్రిడ్జిలో మిల్లర్, వీలర్ అనువారు ఎడ్‌సాక్ అను ఎలక్ట్రానిక్ యంత్రముపై 79 అంకెలదానిని సాధించిరి. అది మన సంఖ్యయొక్క వర్గమును 180చే గుణించి ఒకటి కలిపినది. అనగా పాత విజేత భుజములపైననే క్రొత్త విజేత నిలిచెను.

1952 జనవరి 30వ తేదీ రాత్రి మఱింత రసవత్తరమైనది. లాస్ ఏంజెలిస్‌లో స్వాక్ అను యంత్రముండెను. ఒకప్పటి రేడియో పెట్టెలలో ఎఱ్ఱగా వెలుగుచుండిన వాల్వుల వంటివి అందులో సుమారు 2300 ఉండెను. ఒకటి రెండు వాల్వులు కాలిపోయిన రేడియో ఇంటిలోని వారికి పెట్టిన ఇబ్బంది పెద్దలకు జ్ఞాపకముండును. 2300 వాల్వులున్న యంత్రము తప్పక నడచు ఘడియలెంత అమూల్యములో ఊహించుకొనవచ్చును. బర్క్‌లీలోని రాబిన్సన్ అను గణితజ్ఞుడు యంత్రమును కన్నులార చూడకయే, దాని వివరణగ్రంథము చదివి, లూకా పరీక్షను దాని భాషలో వ్రాసి పంపెను. లేమర్ కూడ అచటివాడే. ఆయన పూర్వము 257 గడుల సంఖ్య ప్రధానము కాదని తేల్చుటకు సుమారు 700 గంటలు శ్రమించెను. యంత్రము ఆ మాటనే 48 సెకనులలో చెప్పెను. ఆ రాత్రియే 521 గడుల సంఖ్యయు, నడిరేయి కాకమునుపే 607 గడుల సంఖ్యయు ప్రధానములని తేలినవి. లూకా మరణించి 60 ఏండ్లు గడచినవి. నడచినది మాత్రము ఆయన వేసిన బాటయే.

ఆ పిమ్మట కథ త్వరత్వరగా సాగినది. 1963లో ఇలినాయ్ విశ్వవిద్యాలయమున 11213 గడుల సంఖ్య దొరకగా అచటి తపాలా ముద్రలో ఆ వార్తను వేసికొనిరి. 1996 నుండి వేలకొలది స్వచ్ఛంద సేవకులు తమ యిండ్లలోని గణకయంత్రముల తీరిక సమయమును ఈ వేటకు అర్పించుచున్నారు. 2024 అక్టోబరులో లూక్ డ్యూరంట్ కనుగొనిన 136279841 గడుల సంఖ్యతో తెలిసిన మెర్సేన్ ప్రధాన సంఖ్యలు 52 అయినవి. దానిలో 4,10,24,320 అంకెలు కలవు. మా స్టేషను రేయింబవళ్లు విరామము లేకుండ, వార్తలును సంగీతమును ఆపివేసి, సెకనుకు రెండంకెల చొప్పున చదివినను 237 దినములు పట్టును. అంత దీర్ఘ కార్యక్రమమునకు అనుమతి దొరకునని మాకు ఆశ లేదు.

ప్రయోజనమేమని అడుగువారికి రెండు మాటలు. రహస్య సందేశములను కాపాడు నేటి పద్ధతులలో కొన్ని వందల అంకెల ప్రధాన సంఖ్యలే మూలధనము; వానిని గుర్తించు పరీక్షలు అందులకు కావలెను. ఏ సంఖ్యనైనను నిశ్చయముగా, మితమైన కాలమున పరీక్షింపవచ్చునని 2002లో కాన్పూరు ఐ.ఐ.టి.కి చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా నిరూపించుట మనకు గర్వకారణము. కాని నాలుగు కోట్ల అంకెల సంఖ్యకు అట్టి ఉపయోగము లేదు. బార్లో అన్నట్లు అది వేడుకయే.

అట్టి వేడుకలలో తీరనిది ఒకటి మిగిలినది. రెండు గడులకు మొత్తము 3. మూడు గడులకు 7. ఏడు గడులకు 127. నూట ఇరువదియేడు గడులకు మన సంఖ్య. అన్నియు ప్రధాన సంఖ్యలే. మన సంఖ్య యెన్నియో అన్ని గడులున్న బల్లను పఱచినచో, దాని గింజల మొత్తమును ప్రధాన సంఖ్యయే యగునా? లూకా ఫలితము వెలువడిన 1876లోనే బెల్జియమునందలి కాటలాన్ ఈ వరుసను గమనించెను. ఆ మొత్తమును వ్రాయుటకు కావలసిన అంకెల సంఖ్యయే 38 అంకెలది. లూకా పరీక్షను దానిపై నడుపుట ఏ యంత్రమునకును సాధ్యము కాదు. చిన్న కారణాంకము లేమైన దొరకునేమోయని వెదకినవారు వెదకిరి. ఇంతవఱకు ఒక్కటియు దొరకలేదు.